తండ్రి వంతు

(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, ఫర్నేసుల దగ్గర పనిచేసిన ఇంజనీరుని. అయినా ఈ రోజు ఆరోగ్యం గురించే మాట్లాడతాను. మా బ్యాచ్‌లో చాలామందిమి ఇప్పుడు కొడుకులకు సంబంధాలు చూస్తున్నాం. అమ్మాయికి రక్తం తక్కువేమో, థైరాయిడ్ ఉందేమో అని నలుగురి చేతా వాకబు చేయిస్తాం. మన అబ్బాయి గురించి వాళ్ళకి చెప్పేది జీతం ఎంతన్నదే.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో రెండేళ్ళకి పిల్లలు కలగకపోతే "కోడలిలో ఏటో లోపం ఉన్నాది" అనేస్తారు. బిడ్డ నలతగా ఉంటే తల్లి సరిగా తినలేదంటారు. వరసగా ఆడపిల్లలు పుడితే అదీ ఆమె మీదికే. ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్ అని సైన్సు మాస్టారు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు. పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం, ఇంటికెళ్ళి మర్చిపోయాం. ప్రభుత్వం లెక్క కూడా కడుపు పండాకే మొదలవుతుంది. ఐరన్ మాత్రలు, అంగన్‌వాడీ గుడ్లు, పాలు, అన్నీ తల్లికే. ఇవ్వాల్సిందే, కాదనను. గర్భిణికిచ్చే తల్లీబిడ్డల కార్డులో తండ్రి పేరు రాయడానికి గడి ఉంది. ఆయన చుట్ట తాగుతాడా అని అడిగే గడి మాత్రం నాకు కనిపించలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. తరువాత అది పక్వమై బయటికి రావడానికి ఇంకో పది, పన్నెండు రోజులు. అంటే దగ్గర దగ్గర మూడు నెలలు. ఈ నెల కడుపు నిలిచిందంటే, ఆ బిడ్డలో సగానికి పని మూడు నెలల కిందటే తండ్రి ఒంట్లో మొదలైందన్నమాట. ఆ రోజుల్లో అతను ఏం తాగాడు, ఎంత సెగలో నిలబడ్డాడు అన్నది లెక్కలోకి వస్తుంది. పక్వమైన వీర్యకణానికి తన డీఎన్ఏలో వచ్చిన దెబ్బను బాగుచేసుకునే శక్తి దాదాపు ఉండదు. ఇక సెగ సంగతి. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే పని సరిగా సాగుతుంది. ఫర్నేసు ముందు ఎనిమిది గంటల షిఫ్టు చేసే కుర్రాడికి, లారీ ఇంజను పక్కన రోజంతా కూర్చునే డ్రైవరుకి ఈ మాట ఎవరూ చెప్పరు. సేఫ్టీ క్లాసులో మేం హెల్మెట్ గురించి చెబుతాం, బూట్ల గురించి చెబుతాం, దీని గురించి నోరెత్తం. సిగ్గు.

పొగ విషయానికొస్తే మన జిల్లాకి ప్రపంచంలోనే పేరుంది. అడ్డపొగ మీద టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్‌తో కలిసి, పదివేల మందికి పైగా పల్లెజనాన్ని పరీక్షించి 1971లో ప్రకటించారు. నిప్పు నోట్లో పెట్టుకునేది ఎక్కువగా మన అమ్మమ్మలు, నాన్నమ్మలే కాబట్టి అందరి చూపూ వాళ్ళ అంగిలి మీదే పడింది. అరుగు మీద కూర్చుని మామూలుగా చుట్ట కాల్చే తాతయ్యని ఎవరూ వింతగా చూడలేదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2009లో ఒక నిర్ణయానికొచ్చింది. పసిపిల్లల కాలేయానికి వచ్చే హెపటోబ్లాస్టోమా అనే అరుదైన కేన్సర్‌కు తల్లిదండ్రుల పొగతాగుడు ఒక కారణమని తేల్చింది. తల్లి ఒక్కతే అనలేదు, గమనించండి.

తిండి సంగతీ ఉంది. 2010లో సిడ్నీలో మగ ఎలుకలకు కొవ్వు తిండి పెట్టి పెంచితే, వాటికి పుట్టిన ఆడపిల్లల్లో ఇన్సులిన్ తయారీ దెబ్బతింది. తల్లులు మామూలు తిండే తిన్నాయి. మనం ఎలుకలం కాదు, నిజమే. కోపెన్‌హాగెన్‌లో బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్న ఆరుగురు మగవాళ్ళను ముందూ, వారానికీ, ఏడాదికీ పరీక్షించారు. వాళ్ళ వీర్యకణాల డీఎన్ఏ మీదుండే రసాయన గుర్తులు మారిపోయాయి. తండ్రి మారితే అక్కడా మార్పు వస్తుందన్న ఈ కబురే నాకు అన్నిటికంటే నచ్చింది.

గురువులు ప్రత్యేకంగా వినాల్సినది ఇంకొకటుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతంలో వేల కుటుంబాలను ఏళ్ళ తరబడి పరిశీలిస్తున్నారు. అందులో పదకొండేళ్ళు నిండకముందే పొగ మొదలుపెట్టిన తండ్రులు 166 మంది తేలారు. వాళ్ళ కొడుకులు తొమ్మిదేళ్ళ వయసుకి మిగతా పిల్లల కంటే లావుగా ఉన్నారు. కూతుళ్ళలో ఆ తేడా కనిపించలేదు. తేడా పెద్దది కాదు, దానికి ఇంటి పరిస్థితులూ కొంత కారణం కావచ్చు. ఉత్తర స్వీడన్‌లో ఓవర్‌కాలిక్స్ అనే ఊరి పాత పంటల లెక్కలు తీస్తే, తాతలు తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్య తిన్న తిండికీ, మనవల ఆయుష్షుకీ సంబంధం కనిపించింది. ఆ వయసంటే మన లెక్కలో అయిదు నుంచి ఏడో తరగతి. సంతలో గుట్కా పొట్లం కొనుక్కునే గుంటడు, నాన్న పారేసిన చుట్టపీక ఏరుకుని తోటలో కాల్చే గుంటడు, ఆ వయసువాడే.

ఇవన్నీ విని ఇంట్లో కొత్త గొడవ పెట్టుకోవద్దు. కోడలి మీద వేసే నిందని కొడుకు మీదికి మార్చమని నేను చెప్పడం లేదు. కడుపులో తొమ్మిది నెలలు మోసే తల్లి తిండీ, విశ్రాంతీ ఇప్పటికీ అన్నిటికంటే ముఖ్యం. పొగ తాగిన ప్రతి తండ్రికీ జబ్బు పిల్లలు పుట్టరు.

మన సంఘానికి రెండు మనవులు. నిశ్చితార్థానికీ పెళ్ళికీ మధ్య మనవైపు చాలా ఇళ్ళల్లో రెండు, మూడు నెలలు గడువుంటుంది. నేను చెప్పిన లెక్కకి అది సరిగ్గా సరిపోతుంది. ఏటా పెట్టే వైద్య శిబిరంలో పెళ్ళి కుదిరిన అబ్బాయిలకి ఒక బల్ల వేయండి. షుగరు, బీపీ, బరువు చూసి, పొగ, మందు మానే సలహా ఇచ్చే డాక్టరుని కూర్చోబెట్టండి. సొంత ఊళ్ళో సిగ్గుపడి రారంటారు. నిజమే, అందుకే బల్ల మీద 'రక్తపరీక్ష' అని మాత్రమే రాయండి. రెండోది, ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి ఏడాదికి ఒక పీరియడ్ ఈ విషయానికి ఇవ్వమని హెడ్మాస్టరు గారిని అడుగుతున్నాను. పాఠం చెప్పడానికి డాక్టరు దొరక్కపోతే, బోర్డు మీద బొమ్మ వేయడానికి నేనొస్తాను.