గుమ్మం దగ్గర ఆపిన అమ్మాయి



1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ల అమ్మాయి వలంటీరుగా నిలబడింది. టికెట్ లేనివాళ్లను పంపొద్దని చెప్పారు. నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టికెట్ లేదు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు టికెట్ తెప్పించాకే దారి వదిలింది. ఆ అమ్మాయి దుర్గాబాయి. ఇవాళ బీఎడ్ పట్టాలందుకుంటున్న మీ ముందు రేపు బెంచీల మీద కూర్చునే తొమ్మిదో తరగతి పిల్లల వయసే ఆమెది.

ఆ దుర్గాబాయే 1949 నాటికి రాజ్యాంగ సభలో ఉన్నారు. రాజ్యసభ సభ్యులకు కనీసం 35 ఏళ్లుండాలన్న ప్రతిపాదన వస్తే, 30 చాలంటూ సవరణ పెట్టి ఒప్పించారు. ఇప్పటికీ 84వ అధికరణంలో ఉన్నది ఆ ముప్పయ్యే. మన పరీక్షల్లో ఇదొక బిట్టు ప్రశ్న. పిల్లలు 30 అని రాస్తారు, మార్కు పడుతుంది. ఆ అంకె కోసం వాదన జరిగిందని వాళ్లకు ఎవరు చెబుతారు?

నేను ముప్పయ్యేళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. ఏటా రాజ్యాంగ పీఠికను బట్టీ పట్టించాను. ఒకసారి ఒక పిల్లవాడు లేచి, "సౌభ్రాతృత్వమంటే మేమేం చెయ్యాలి సార్?" అని అడిగాడు. అర్థం చెప్పి కూర్చోబెట్టాను. వాడడిగింది అర్థం కాదు. అది నాకిప్పటికీ బాధే.

అందుకే అడుగుతున్నాను. రాజ్యాంగ సభ చర్చల్లోంచి నాలుగు పేజీలు తీసి మీ తెలుగులో చెప్పండి. రాజ్యసభ సభ్యులకు వయసు ఎంతుండాలో పిల్లల్నే రెండు పక్షాలుగా వాదించుకోనివ్వండి. 1949 నవంబరు 25న అంబేద్కర్ చేసిన ప్రసంగం చదివించండి. ఓటులో సమానులమై, సంఘంలోనూ సంపదలోనూ అసమానులుగా మిగిలితే ప్రజాస్వామ్యం నిలవదని ఆయన హెచ్చరించారు. ఆ తేడా తమ వీధిలో, తమ బడిలో ఎక్కడుందో పిల్లలు చూసి వచ్చి చెబుతారు. వినడానికి మనకు ఓపికుండాలి.

వీధి అన్నాను కాబట్టి ఒక మాట. మనమున్న ఈ పద్మారావు నగర్‌కు కూతవేటు దూరంలో బన్సీలాల్‌పేట మెట్ల బావి ఉంది. దశాబ్దాలపాటు చెత్తతో పూడిపోయి ఉండేది. పౌరులూ ప్రభుత్వమూ కలిసి తవ్వించి బాగుచేస్తే, 2022 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. వారసత్వాన్ని, నీటి వనరుల్ని కాపాడుకోవాలని రాజ్యాంగం 51ఏ అధికరణంలో ఉంది. బడులు తెరిచాక పిల్లల్ని ఆ బావి దగ్గరికి తీసుకెళ్లండి. మెట్ల మీద కూర్చోబెట్టి ఆ అధికరణం చదివించండి. వాళ్ల వీధిలో ఏది పూడిపోయిందో అడగండి.