ఆరు పిల్లులకూ ఒకే రోజు మందు

 

ఈ రాత్రి మనం పిల్లుల గురించి మాట్లాడుకుందాం. కొంతమంది నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. కానీ రెండు నెలల క్రితం ఈ పిల్లుల మూలంగానే ఒక ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. మన కేంద్రానికి వచ్చే ఒక అక్క ఇల్లే అది. ఆ అక్క సరేనంది కాబట్టే చెప్తున్నాను. పేరు మాత్రం చెప్పను.

వాళ్ళ ఇంట్లో ఆరు పిల్లులు. ఒక తల్లి పిల్లి. దానికి నాలుగు కూనలు. ఒక గండు పిల్లి. వాళ్ళది వరి పండించే ఇల్లు. వసారాలో ధాన్యం బస్తాలు ఉంటాయి. పిల్లులు లేకపోతే ఎలుకలు బస్తాలు కొరికేస్తాయి. అందుకే అత్తగారు పిల్లులకి రోజూ ఇంత పెరుగన్నం పెడుతుంది.

ఒక రోజు ఆ అక్క కొడుకు దొడ్డికి కూర్చుంటే పొడుగాటి తెల్ల పురుగు పడింది. వాడికి నాలుగేళ్ళు. అదే వారం ఒక పిల్లి కూన వాంతి చేసుకుంది. ఆ వాంతిలో కూడా తెల్ల పురుగులే. ఇంకేముంది! "పిల్లుల పురుగులే పిల్లాడికి పట్టాయి" అని ఇంటాయన గోనెసంచి తెచ్చాడు. ఆరింటినీ సంచిలో వేసి కాలవ అవతల వదిలేస్తానన్నాడు. అత్తగారు అడ్డం నిలబడింది. ఆ అక్క ఇద్దరి మధ్యా నలిగిపోయింది. "టీచరమ్మా, ఎవరి మాట ఒప్పు?" అని నన్ను అడిగింది.

నేను డాక్టరును కాను. టీచరు ట్రైనింగు చదివిన దాన్ని. అందుకని మేమిద్దరం పిల్లాణ్ణి తీసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. అక్కడి నుంచి పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ తెలిసిందే ఇప్పుడు మీకు చెప్తాను.

ముందు పిల్లాడి సంగతి. వాడి కడుపులోంచి పడింది ఏలికపాము. అది పిల్లి పురుగు కాదు. మనిషి పురుగు. మనిషి మలంలోంచి దాని గుడ్లు మట్టిలోకి వస్తాయి. మట్టిలోంచి చేతికి, కూరగాయలకి, నీళ్ళకి అంటుకుంటాయి. అక్కడి నుంచి నోట్లోకి పోతాయి. ఆరుబయట దొడ్డికి పోయే చోట ఇది ఎక్కువ. పిల్లుల్ని కాలవ దాటించినా, సముద్రం దాటించినా ఈ పురుగు పోదు. మరుగుదొడ్డి వాడాలి. సబ్బుతో చేతులు కడగాలి. కూరగాయలు బాగా కడిగి వండాలి. పిల్లాడికి మందు వెయ్యాలి.

ఆ మందు అంగన్వాడీలో, బడిలో ఉచితంగా వేస్తారు. నులిపురుగుల దినం అని 2015లో మొదలుపెట్టారు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలు గుర్తుపెట్టుకోండి. ఆ మాత్ర పేరు ఆల్బెండజోల్. ఏడాది నుంచి 19 ఏళ్ళ లోపు పిల్లలకి ఇస్తారు. రెండేళ్ళ లోపు వాళ్ళకి సగం మాత్ర. అది పొడి చేసి నీళ్ళలో కలిపి ఇస్తారు. పెద్ద పిల్లలు నమిలి మింగాలి. ఆ రోజు పిల్లాడికి జ్వరం ఉంటే వెయ్యరు. తగ్గాక వేస్తారు. ఈ అక్క కొడుకు మాత్ర వేసే రోజున అమ్మమ్మ ఊళ్ళో ఉన్నాడట. మళ్ళీ ఎవరూ పట్టించుకోలేదు.

"అయితే పిల్లుల వల్ల భయం లేదన్నమాట!" అంది అత్తగారు సంతోషంగా. అలా అనుకోకూడదు. భయం ఉంది. అది వేరే రకం.

పిల్లి కడుపులో పెరిగే పురుగు ఉడికిన సేమ్యాలా తెల్లగా, పొడుగ్గా ఉంటుంది. దాని గుడ్లు పిల్లి మలంలో బయటికి వస్తాయి. కంటికి కనపడవు. మట్టిలో రెండు మూడు వారాలు ఉంటే వాటిలో పిల్ల పురుగు తయారవుతుంది. మన పిల్లలు ఆ మట్టిలో ఆడి చెయ్యి నోట్లో పెట్టుకుంటే ఆ గుడ్లు కడుపులోకి పోతాయి. మనిషి కడుపులో అవి పెద్ద పురుగులు కాలేవు. కానీ ఊరుకోవు. పిల్ల పురుగులుగానే ఒంట్లో తిరుగుతాయి. కాలేయంలోకి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎప్పుడైనా కంట్లోకి పోతే చూపు దెబ్బతింటుంది. అలా జరగడం తక్కువే. జరిగితే మాత్రం కష్టం. ఇవి దొడ్డి పరీక్షలో కనపడవు. కాబట్టి పిల్లలకి జ్వరం, దగ్గు వదలకపోయినా, ఒక కన్ను సరిగా కనపడటం లేదన్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంట్లో పిల్లులు ఉన్న సంగతి కూడా చెప్పండి.

ఇంకోటి కొంకిపురుగు. ఇది పిల్లి పేగుకి కరుచుకుని రక్తం తాగుతుంది. కూన చిగుళ్ళు తెల్లబడతాయి. మలం నల్లగా తారులా వస్తుంది. దీని పిల్ల పురుగులు తడి మట్టిలో ఉంటాయి. చెప్పుల్లేకుండా నడిస్తే మన చర్మంలో దూరతాయి. చర్మం మీద ఎర్రటి వంకర గీతలు పడతాయి. ఒకటే దురద.

మూడోది బద్దెపురుగు. పిల్లి తోక కింద దోసగింజల్లాంటివి అంటుకుని ఉంటాయి. అవి ఆ పురుగు ముక్కలే. ఎండితే బియ్యపు నూకలా ఉంటాయి. పిల్లి ఒంటి మీద గంతులేసే చిన్న పేలు ఉంటాయి, చూశారా? పిల్లి ఒళ్ళు నాక్కుంటూ ఆ పేలు మింగితే ఈ పురుగు పడుతుంది. ఎలుకని తిన్నా ఇంకో రకం బద్దెపురుగు పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ ఇంట్లో అంతకుముందు ఒకసారి ఒక కూనకి మందు పోశారు. నెల తిరక్కుండా దాని పొట్ట మళ్ళీ కుండలా ఉబ్బింది. వీపు మీద ఎముకలు లెక్కపెట్టొచ్చు. "మందు మంచిది కాదు" అనుకుని వదిలేశారు. మందు మంచిదే. పోసిన పద్ధతి చాలలేదు.

ఆరు పిల్లులు ఒకే చోట తిరుగుతాయి. ఒకే ఇసుకలో దొడ్డికి పోతాయి. ఒకే గోనె మీద పడుకుంటాయి. ఒకదానికి మందు పోస్తే మిగతా ఐదు మళ్ళీ గుడ్లు పెట్టిస్తూనే ఉంటాయి. పైగా తల్లి పాలలోంచే కూనలకి పురుగులు వస్తాయి. తల్లి పిల్లి చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంటుంది. దానికేం రోగం అనుకుంటాం. కూనలకి పురుగుల్ని ఇచ్చేది అదే. కాబట్టి మందు అన్నిటికీ ఒకే రోజు పొయ్యాలి. బాగున్న వాటికి కూడా.

రెండు వారాలకి మళ్ళీ పొయ్యాలి. ఎందుకంటారా? పిల్ల పురుగులు తిన్నగా పేగులో కూర్చోవు. కాలేయం మీదుగా ఊపిరితిత్తుల్లోకి పోయి, దగ్గుతో గొంతులోకి వచ్చి, మళ్ళీ మింగితే పేగులోకి చేరతాయి. మనం మందు పోసిన రోజు పేగులో ఉన్నవి చస్తాయి. దారిలో ఉన్నవి బతుకుతాయి. అవి కూడా పేగులోకి చేరాక రెండోసారి మందు పోస్తే దొరుకుతాయి.

ఏ మందు, ఎంత అన్నది పశువుల డాక్టరే చెప్పాలి. మామూలుగా పైరాంటెల్ అనే మందు మొదటి రెండు పురుగులకి, ప్రాజిక్వాంటెల్ అనే మందు బద్దెపురుగుకి ఇస్తారు. రెండూ కలిపిన మాత్రలు కూడా ఉంటాయి. ఎంత పొయ్యాలో పిల్లి బరువుని బట్టి ఉంటుంది. ఇక్కడ మన లెక్కలు పనికొచ్చాయి. ఆ అక్క కిరాణా కొట్టు కాటా మీద నిలబడింది. 48 కిలోలు. తల్లి పిల్లిని ఎత్తుకుని నిలబడింది. 51 కిలోలు. 51లోంచి 48 తీసేస్తే ఎంత? చెప్పండి! కూనల్ని మాత్రం ఇలా తూచకండి, తేడా వస్తుంది. కూనని చిన్న బుట్టలో పెట్టి, బియ్యం తూచే చిన్న కాటాలో తూచాలి. తర్వాత బుట్ట బరువు తీసెయ్యాలి.

అక్క ఆ బరువులన్నీ నోటుపుస్తకంలో రాసింది. నల్లది, మచ్చలది, తెల్లమూతిది, తోక తెగినది, తల్లి, గండు. ఆరు పేర్లు, ఆరు బరువులు. ఆసుపత్రిలో ఆ కాగితం చూపిస్తే డాక్టరు గారు దాని పక్కనే మందు కొలతలు రాసిచ్చారు. ఒక్క అక్షరం తప్పు లేదు ఆ కాగితంలో. నేను చూశాను.

మందుని అందరికీ కలిపి ఒకే పళ్ళెంలో పెట్టొద్దు. బలమైనది అంతా తినేస్తుంది, చిన్నది చూస్తూ ఉంటుంది. ఒక్కోదాన్ని పాత తువ్వాల్లో చుట్టి ఒకరు పట్టుకోవాలి. ఇంకొకరు సూది తీసేసిన సిరంజితో బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా పొయ్యాలి. తల బాగా పైకెత్తి గుమ్మరిస్తే పొలమారుతుంది. పోసినదాన్ని పోసినట్టు కోళ్ళ గంప కింద పెట్టారు. పుస్తకంలో దాని పేరు పక్కన గీత పెట్టారు. లేకపోతే దేనికి పోశామో తెలియక ఒకదానికి రెండుసార్లు పోస్తాం. గండు పిల్లి మాత్రం దొరకలేదు. అది పగలంతా ఊరి మీదే. చీకటి పడ్డాక ఎండు చేప కాల్చి వాసన పెడితే వచ్చింది. గోనెసంచి తెచ్చిన ఇంటాయనే దాన్ని పట్టుకున్నాడు, చెయ్యంతా గీరించుకుని. ఆ గీరుడిని వెంటనే సబ్బుతో చాలాసేపు కడిగించి, ఆరోగ్య కేంద్రానికి పంపాం. పిల్లి గీరినా, కరిచినా అలాగే చెయ్యాలి. కుక్కకే కాదు, పిల్లికి కూడా రేబీస్ వస్తుంది.

మర్నాడు మలంలో చచ్చిన పురుగులు పడ్డాయి. భయపడకండి, మందు పనిచేసిందన్నమాట.

కొన్ని పనులు మాత్రం అస్సలు చెయ్యొద్దు. మన పిల్లలకి వేసే ఆల్బెండజోల్ మాత్ర పిల్లికి వెయ్యొద్దు. గేదెకి పోసే నట్టల మందు అంచనాగా పొయ్యొద్దు. వెల్లుల్లి నూరి పోస్తారు కొందరు. వెల్లుల్లి, ఉల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. నీరసంగా ఉందని పారాసిటమాల్ వేస్తే పిల్లి చచ్చిపోతుంది. పశువుల గోమార్లకి కొట్టే మందు పిల్లి ఒంటికి రాయొద్దు. కిరసనాయిలూ వద్దు. పిల్లి ఒళ్ళు నాక్కుంటుంది, ఆ విషమంతా కడుపులోకే పోతుంది. పేలు పోవాలంటే పేలదువ్వెనతో దువ్వి, వచ్చినవాటిని సబ్బు నీళ్ళలో ముంచండి. అవి పడుకునే గోనెలు మరిగే నీళ్ళలో ఉడికించి ఎండలో వెయ్యండి. మూలలు రోజూ ఊడవండి. అప్పటికీ తగ్గకపోతే పిల్లికి పనికొచ్చే మందు డాక్టరును అడగండి.

మందు ఒక్కటే చాలదు. ఆ ఇంటి ముందు గచ్చు పని కోసం తోలించిన ఇసుక కుప్ప ఉంది. పిల్లులకి అదే దొడ్డి. పిల్లాడికి అదే ఆట స్థలం! మన ఊళ్ళో ఎన్ని ఇళ్ళ ముందు ఇలాంటి కుప్పలు లేవు? దాని మీద పాత పట్టా కప్పి చుట్టూ రాళ్ళు పెట్టారు. పెరట్లో ఒక మూల పాత బేసిన్‌లో బూడిద, ఇసుక కలిపి పోసి పెట్టారు. రెండు రోజుల్లో పిల్లులు దానికి అలవాటు పడ్డాయి. ఆరు పిల్లులకి ఒక బేసిన్ చాలక ఇంకోటి పెట్టారు. మలం ఏ రోజుది ఆ రోజే తీసి, బావికి దూరంగా లోతుగా పూడ్చాలి. గుడ్లు ముదిరేలోపు ఎత్తేస్తే పిల్లలకి ప్రమాదం ఉండదు. ఒకసారి మట్టిలో కలిస్తే మాత్రం నెలల తరబడి బతుకుతాయి. ఫినాయిలు పోసినా చావవు. పైగా ఫినాయిలు పిల్లికి విషం. బేసిన్‌ని మరిగే నీళ్ళతో కడగండి.

కడుపుతో ఉన్నవాళ్ళు ఆ పని చెయ్యకూడదు. పిల్లి మలంలో ఇంకో సూక్ష్మజీవి ఉండొచ్చు. అది పురుగు కాదు గానీ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది. ఆ తొమ్మిది నెలలూ మగవాళ్ళు ఎత్తితే ఏం పోయింది?

కూనలకి మూడు వారాల వయసు నుంచే మందు మొదలుపెట్టొచ్చు. పాలు మానేదాకా రెండు వారాలకోసారి, వాటితోపాటే తల్లికి కూడా. ఆ తర్వాత ఆరు నెలల వయసు దాకా నెలకోసారి. పెద్ద పిల్లులకి మూడు నెలలకోసారి పొయ్యాలి. ఎలుకల్ని పట్టే పిల్లికి పురుగులు మళ్ళీ పడుతూనే ఉంటాయి. ఎలుక మాంసంలో కూడా ఆ పిల్ల పురుగులు ఉంటాయి మరి.

పశువుల ఆసుపత్రి దూరమైతే 1962 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు. ఆ నంబరుతో పశువుల వైద్యం బండ్లు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలయ్యాయి. పిల్లుల్ని చూస్తారా అని ముందే అడగండి.

ఆ అక్క ఇంట్లో రెండోసారి మందు కూడా అయిపోయింది. తేదీ మర్చిపోకుండా గోడ కేలెండరు మీద "పిల్లుల మందు" అని ముందే రాసుకుంది. ఇప్పుడు మూడు నెలల తర్వాత తేదీకి కూడా గుండ్రం చుట్టి పెట్టింది. ఇంట్లో పిల్లులు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. పిల్లుల పేర్లు పలకల మీద రాయండి. రేపు కొట్టు దగ్గర బరువులు తూచి పట్టుకురండి. గురువారం పొద్దున ఆ కాగితాలు తీసుకుని అందరం కలిసి ఆసుపత్రికి వెళ్దాం.