ఏప్రిల్ 23 తర్వాత ఊరి బడిలో ఏం జరుగుతుంది?

 

డీఎస్సీ సిలబస్ మీద ఎపిసోడ్ చేసినప్పుడు మీలో చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, ఎస్‌జీటీ జాబ్ కొడితే తర్వాత పని ఎలా ఉంటది?" అని. కొందరైతే ఇంకా డైరెక్ట్‌గా, "ఏప్రిల్‌లో తాళం వేస్తే జూన్‌లో తీయడమే కదా" అన్నారు. ఆ తాళం వేసే వారం గురించే ఇవ్వాళ మాట్లాడదాం. కోచింగ్ సెంటర్లో ఈ టాపిక్ చెప్పరు, ఎందుకంటే దీని మీద బిట్ రాదు.

ముందు క్యాలెండర్. తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. ఏప్రిల్‌లో సమ్మేటివ్ పరీక్షలు. మొన్న 2025లో ఏప్రిల్ 23 లాస్ట్ వర్కింగ్ డే, జూన్ 12న మళ్లీ ఓపెన్. పిల్లలకి ఆ 23వ తారీఖు పండగ. ప్రోగ్రెస్ కార్డు చేతిలో పడగానే మామిడి తోటకి పరుగు. టీచర్‌కి మాత్రం అదే రోజు ఒక పెద్ద లెక్క మొదలవుతుంది: జూన్‌లో ఈ బడికి ఎంతమంది పిల్లలు ఉంటారు, ఎంతమంది టీచర్లు ఉంటారు? ఈ రెండు అంకెలూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. గొడవంతా అక్కడే.

మా చిన్నమ్మ ఎస్‌జీటీ. 20 ఏళ్లు దాటిన సర్వీసు, అందులో ఎక్కువ భాగం ఇద్దరు టీచర్ల బడుల్లోనే. ఆవిడ చెప్పినవి, నేను చట్టంలో, పోర్టల్‌లో చూసుకున్నవి కలిపి చెప్తున్నా.

2009 విద్యాహక్కు చట్టంలో ఒక షెడ్యూల్ ఉంది. 1 నుంచి 5 తరగతులకి, 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 వరకు ముగ్గురు. 91 నుంచి 120 వరకు నలుగురు. 121 నుంచి 200 వరకు ఐదుగురు, 150 దాటితే అదనంగా ఒక హెడ్మాస్టర్. వినడానికి బాగానే ఉంది కదా, 30 మందికి ఒకరు. సిటీ ప్రైవేట్ స్కూళ్లలో ఒక్క సెక్షన్‌లోనే 40 మంది ఉంటారు.

కానీ ఒక్క నిమిషం ఆగి లెక్కేయండి. తరగతులు ఐదు. ఒకటి, రెండు తరగతులకి తెలుగు, ఇంగ్లీష్, లెక్కలు. మూడు నుంచి ఐదు వరకు వాటితో పాటు పరిసరాల విజ్ఞానం. అంటే రెండు మూళ్లు ఆరు, మూడు నాలుగులు పన్నెండు, మొత్తం పద్దెనిమిది. ఇద్దరే టీచర్లు, మనిషికి తొమ్మిది. ఒకరు లీవ్ పెట్టినా, మీటింగ్ కోసం మండలానికి పోయినా ఆ పద్దెనిమిదీ రెండో మనిషి మీదే. పిల్లలు 20 మందే ఉన్నా ఈ పద్దెనిమిది తగ్గదు. "మీ బడిలో పిల్లలే లేరు కదా, ఇంక పనేముంది" అనేవాళ్లు ఈ లెక్క చూడరు.

మరి ఎలా నడుస్తుంది? ఒకటి, రెండు ఒక గదిలో, మూడు, నాలుగు, ఐదు ఇంకో గదిలో. మూడో తరగతికి పాఠం చెప్తున్నంతసేపు నాలుగు, ఐదు తరగతులకి రాత పని. ఐదో తరగతిలో చురుకైన అమ్మాయి ఉంటే ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దించే డ్యూటీ ఆమెదే. మా చిన్నమ్మ అంటుంది, అలాంటి అమ్మాయి ఏప్రిల్‌లో హైస్కూల్‌కి పోతుంటే సగం స్టాఫ్ పోయినట్టే ఉంటదని. నవ్వుకుంటూనే అంటది. నాకైతే నవ్వు రాలేదు.

ఇప్పుడు ఏప్రిల్ లెక్కకి వద్దాం. ఒక బడి అనుకోండి, 34 మంది. ఐదో తరగతిలో 9 మంది ఉన్నారు, వాళ్లకి రికార్డ్ షీట్ ఇచ్చి పంపాలి. మిగిలింది 25. అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి పోయి, ఐదేళ్లు నిండినవాళ్ల లిస్టు తెచ్చుకుంటే 8 పేర్లు. ఆహా, 33 అవుతుంది అనుకునేలోపు తెలుస్తుంది, అందులో ఐదుగురికి పక్క ఊరి ప్రైవేట్ స్కూల్లో ఇప్పటికే సీటు రాయించేశారు. వ్యాన్ ఇంటి ముందుకే వస్తుంది. మిగిలింది ముగ్గురు. మొత్తం 28.

34కీ 28కీ తేడా ఆరే కదా అనుకోవద్దు. సమగ్ర శిక్షా కింద బడికి ఏటా వచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది. 30 మంది వరకు 10 వేలు, 30 దాటి 100 వరకు 25 వేలు. ఆ ఇద్దరో ముగ్గురో పిల్లల దగ్గర 15 వేలు పోతుంది. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫినాయిల్, ట్యాప్ రిపేర్లు అన్నీ ఆ డబ్బులోనే. దీనికంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. సంఖ్య తగ్గిన బడి నుంచి రెండో టీచర్‌ని "సర్దుబాటు" పేరుతో ఎక్కువ పిల్లలున్న బడికి పంపిస్తారు. అప్పుడు ఊళ్లో మాట పుడుతుంది: "ఒక్క టీచరే ఉంది, ఏం చదువొస్తది?" ఇంకో నలుగురు వ్యాన్ ఎక్కుతారు. ఆ పై ఏడాది 22.

ఇక్కడ నాకు ఒక విషయం అస్సలు అర్థం కాదు. తెలంగాణలో బడిబాట అని మంచి కార్యక్రమం ఉంది. టీచర్లు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బడిలో చేర్పిస్తారు. అది జరిగేది జూన్‌లో. ప్రైవేట్ వాళ్లు అడ్మిషన్లకి తిరిగేది మాత్రం సెలవులకి ముందే, ఫీజులో కొంత అడ్వాన్స్ కూడా కట్టించుకుంటారు. అడ్వాన్స్ కట్టిన తల్లిదండ్రుల ఇంటికి జూన్‌లో పోయి "మా బడికి పంపండి" అంటే ఏం పంపుతారు? నా ఉద్దేశంలో బడిబాట అసలు సీజన్ మార్చి. ఒంటిపూట బడులు ఉన్నప్పుడు, సాయంత్రం ఎండ తగ్గాక. కొందరు టీచర్లు ఎవరూ చెప్పకుండానే అలా చేస్తున్నారు, వాళ్ల బడులు నిలబడుతున్నాయి కూడా.

సరే, స్టాఫ్ సంగతి. జూన్‌లో ఎవరుంటారో ఏప్రిల్‌లో ఎవరికీ తెలీదు. రిటైర్మెంట్ ఒక్కటే ముందే తెలిసేది. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, డిప్యూటేషన్లు, కొత్త డీఎస్సీ, ఇవన్నీ వేటి టైమ్‌కి అవి వస్తాయి. తెలంగాణలో 2024 ట్రాన్స్‌ఫర్లు, ప్రమోషన్లు సరిగ్గా బడులు తెరిచే జూన్‌లోనే నడిచాయి. అదే ఏడాది 11,062 పోస్టుల డీఎస్సీలో సెలెక్ట్ అయినవాళ్లకి అపాయింట్‌మెంట్ లెటర్లు అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో ఇచ్చారు. ఆంధ్రలో 16,347 పోస్టుల మెగా డీఎస్సీకి నియామక పత్రాలు 2025 సెప్టెంబర్ 25న ఇచ్చారు. సెలెక్ట్ అయినవాళ్లకి అది జీవితంలో మర్చిపోలేని రోజు, మీలో కొందరు అక్కడ ఉండే ఉంటారు, కంగ్రాట్స్. కానీ ఒకటో తరగతి పాప వైపు నుంచి చూడండి. ఆమె జూన్‌లో బడికొచ్చింది. టీచర్ దసరా చుట్టుపక్కల వచ్చింది. మూడు నెలలు పైనే.

ఆంధ్రలో ఇంకో కథ. 2022లో జీవో 117తో చాలా చోట్ల 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లకి కలిపారు. 2025లో దాన్ని తీసేసి కొత్త పద్ధతి తెచ్చారు, అందులో మోడల్ ప్రైమరీ స్కూళ్లని పెట్టి తరగతికి ఒక టీచర్ అన్నారు. తరగతికి ఒక టీచర్ అనేది నిజంగా మంచి మాట, ఇందాక చెప్పిన పద్దెనిమిది గుర్తుందిగా. కాకపోతే మూడేళ్లలో రెండు సార్లు బడి రూపం మారితే, మధ్యలో ఉన్న పిల్లకి ఎన్ని బడులు, ఎంతమంది టీచర్లు మారారో ఒకసారి ఊహించుకోండి.

ఇప్పుడు నా పాత ఫీల్డ్ నుంచి ఒక పోలిక. సాఫ్ట్‌వేర్‌లో ఒక మనిషి ప్రాజెక్ట్ వదిలిపోతున్నాడంటే కేటీ ఉంటుంది, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. రెండు వారాలు కూర్చోబెట్టి, కోడ్ ఎక్కడుంది, ఏది ముట్టుకుంటే ఏది పగుల్తుంది, అన్నీ చెప్పించి రికార్డ్ చేస్తారు. బడిలో టీచర్ రిలీవ్ అయ్యేటప్పుడు కూడా ఒక కాగితం ఉంటుంది, ఛార్జ్ లిస్టు. అందులో తాళాలు, అడ్మిషన్ రిజిస్టర్, స్టాక్ రిజిస్టర్, క్యాష్ బుక్, బెంచీలు ఎన్ని, బియ్యం ఎన్ని కిలోలు, టీవీ ఉంటే టీవీ. గ్లాసులు, పళ్లాల లెక్క కూడా ఉంటుంది. పిల్లల గురించి ఒక్క లైన్ ఉండదు. తెలంగాణలో 2022 నుంచి తొలిమెట్టు ఉంది, ఎవరు ఏ స్థాయిలో చదువుతున్నారో రాస్తారు, అది కొంత నయం. కానీ ఆ గళ్లలో పట్టనివి చాలా ఉంటాయి.

మా చిన్నమ్మ దానికి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టింది. పిల్లకి ఒక పేజీ. ఏప్రిల్‌లో ఒంటిపూట బడి అయిపోయాక, ఎండకి ఎలాగూ బయటికి పోలేం కదా అని, కూర్చుని రాస్తుంది. పేర్లు చెప్పను, నాకు చూపించిన కొన్ని పేజీల్లో ఏముందో చెప్తా. ఒకబ్బాయి తీసివేతలు బాగా చేస్తాడు కానీ పక్క స్థానం నుంచి అప్పు తెచ్చే చోట ఆగిపోతాడు. ఒక పాపకి బోర్డు కనబడటం లేదు, ముందు వరుసలో కూర్చోబెట్టాలి, కళ్లజోడు గురించి ఇంట్లో రెండు సార్లు చెప్పినా తేలేదు. ఇద్దరు అన్నదమ్ములు సంక్రాంతికి ముందు ఇటుక బట్టీకి పోతారు, ఎండాకాలం అయిపోయాకే వస్తారు, వాళ్ల పేరు కొట్టేయొద్దు. ఇంకో బాబు ఇంట్లో లంబాడీ మాట్లాడతాడు. తెలుగులో అడిగితే నోరు విప్పడు, అదే ప్రశ్న పక్క పిల్లాడు వాళ్ల భాషలో అడిగితే టకటకా చెప్తాడు, కాబట్టి "రాదు" అని రాయొద్దు.

ఆ నోట్‌బుక్‌ని ఎవరూ అడగలేదు. ఇన్‌స్పెక్షన్‌లో చూడరు. మొన్న ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు ఛార్జ్ లిస్టుతో పాటు కొత్త మేడమ్ చేతికి ఇచ్చి వచ్చింది. నెల తర్వాత ఆ మేడమ్ ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న ఏంటంటే, "మేడమ్, ఆ కళ్లజోడు పాప నాన్న నంబర్ ఉందా?" అని.

ఇక ఆన్‌లైన్ పని. యూడైస్ ప్లస్ పోర్టల్. సంవత్సరం చివర ప్రతి పిల్లకీ ప్రోగ్రెషన్ మార్క్ చేయాలి: పాసయ్యారా, ఎన్ని రోజులు వచ్చారు, ఇదే బడిలో ఉంటారా, వెళ్లిపోతున్నారా. ఐదో తరగతి పిల్లలు ఇక్కడ వెళ్లిపోయినట్టు పెడితే డ్రాప్ బాక్స్‌లో పడతారు. హైస్కూల్ వాళ్లు పెన్ నంబర్‌తో అక్కడి నుంచి తమ లిస్టులోకి తీసుకోవాలి. తీసుకోకపోతే? పిల్లాడు ఆరో తరగతిలో శుభ్రంగా కూర్చుని ఉన్నా సిస్టమ్‌లో గాల్లో ఉంటాడు. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంకో స్పెల్లింగ్ ఉంటే అది ఇంకో వారం పని. డేటా ఉండాలని నేనూ ఒప్పుకుంటా. ఇద్దరు టీచర్ల బడిలో ఆ డేటా ఎంట్రీ ఎవరు చేస్తారు అనేదే ప్రశ్న. క్లర్క్ ఉండరు. ఫోన్ టీచర్‌దే, నెట్ బ్యాలెన్స్ కూడా టీచర్‌దే.

మిగతా డ్యూటీలు ఉండనే ఉన్నాయి. చట్టం సెక్షన్ 27 ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులు టీచర్లకి ఇవ్వకూడదు. 2024 నవంబర్‌లో తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు ప్రైమరీ స్కూళ్లు ఒంటిపూటే నడిచాయి. సర్వే అవసరమా కాదా అనేది వేరే చర్చ. అదే చట్టం 1 నుంచి 5 తరగతులకి ఏడాదికి 200 పని దినాలు, 800 గంటల బోధన ఉండాలంటుంది. ఆ నెలలో పోయిన గంటల్ని ఏప్రిల్‌లో ఎక్కడి నుంచి తెచ్చి కలుపుతారు?

స్టాఫ్ అంటే టీచర్లే అనుకుంటాం. మధ్యాహ్న భోజనం వండే అక్కల్ని మర్చిపోతాం. కేంద్ర పథకం లెక్కలో వాళ్లకి గౌరవ వేతనం ఏడాదికి 10 నెలలే. ఏప్రిల్ 23 వాళ్లకి సెలవు కాదు, ఉపాధి హామీ పనికి పేరు రాయించుకునే రోజు.

మరి మనం ఏం చేయొచ్చు? మీ ఊరి బడి గోడ మీద 11 అంకెల యూడైస్ కోడ్ రాసి ఉంటుంది. మొదటి రెండు రాష్ట్రం, తెలంగాణ అయితే 36, ఆంధ్ర అయితే 28. తర్వాత రెండు జిల్లా, రెండు మండలం, మూడు ఊరు, చివరి రెండు బడి. యూడైస్ ప్లస్ సైట్‌లో నో యువర్ స్కూల్ అని ఉంటుంది, అక్కడ కొడితే ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు వస్తుంది. బడిలో కనబడేదానికీ అక్కడ ఉన్నదానికీ తేడా ఉంటే ఎంఈఓ ఆఫీసులో అడగండి. మర్యాదగా, కాగితం మీద.

రెండోది, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. చట్టం ప్రకారం అందులో మూడొంతులు, అంటే 75 శాతం తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. వచ్చే మూడేళ్లలో ఎంతమంది పిల్లలొస్తారు, ఎంతమంది టీచర్లు కావాలి అని స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ రాయాల్సింది వాళ్లే. మీ అక్కో వదినో ఆ కమిటీలో ఉండి, సంతకం పెట్టి వచ్చేస్తూ ఉండొచ్చు. ఒకసారి పక్కన కూర్చుని ఆ ప్లాన్‌లో ఏం రాశారో చదివి వినిపించండి. అంగన్‌వాడీ లిస్టు, ఐదో తరగతి లిస్టు రెండూ పక్కపక్కన పెడితే పది నిమిషాల పని, ఎక్సెల్ కూడా అక్కర్లేదు.

మూడోది డీఎస్సీ కొట్టబోయేవాళ్లకి. జాయిన్ అయిన రోజు ఛార్జ్ లిస్టులో సంతకం పెట్టే ముందు, పాత టీచర్ ఫోన్ నంబర్ తీసుకోండి. బెంచీలు లెక్కపెట్టడం మధ్యాహ్నం అయినా అవుతుంది.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో రికార్డ్ షీట్, టీసీ లేకుండా హైస్కూల్లో చేర్చుకోమంటే ఏం చేయాలో చూద్దాం. చట్టంలో దానికి సమాధానం ఉంది. ఉంటా మరి, బాయ్.