గాలిలో లేని తేడా
(పార్సిప్పనీ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. తప్పులు దొర్లితే పెద్దలు మన్నించండి. పిల్లలు నవ్వినా ఫరవాలేదు, నేనూ బడిపంతులమ్మనే.

చుట్టాలను దింపుకోవడానికి మనమందరం వెళ్ళే న్యూఆర్క్ విమానాశ్రయంలో 1932 ఆగస్టు 25న ఒక ఎర్ర విమానం దిగింది. లాస్ ఏంజిలిస్ నుంచి ఎక్కడా ఆగకుండా 19 గంటల 5 నిమిషాల్లో వచ్చింది. నడిపినది అమీలియా ఇయర్‌హార్ట్. అంతకు మూడు నెలల క్రితమే ఆమె ఒంటరిగా అట్లాంటిక్ దాటింది. ఇవన్నీ పిల్లల పుస్తకాల్లో ఉన్నవే. పేరు రాకముందు ఆమె బోస్టన్‌లో వలస వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు నేర్పిందన్న సంగతి నాకు మరీ ఇష్టం.

ఆ సెప్టెంబరులోనే ఆమె నేషనల్ వుమన్స్ పార్టీ స్త్రీలతో వైట్ హౌస్‌కు వెళ్ళి, స్త్రీపురుష సమానత్వాన్ని రాజ్యాంగంలో చేర్చాలని అధ్యక్షుడు హూవర్‌ను కోరింది. ఆ సవరణకు మూలపురుషుడు, కాదు, మూలస్త్రీ ఆలిస్ పాల్ మన న్యూజెర్సీ ఆడపడుచే. అమీలియా వాదన సూటిగా ఉంది: విమానం నడిపే లైసెన్సు విషయంలో వాణిజ్యశాఖ ఆడా మగా తేడా చూడదు, మిగతా పనుల్లో మాత్రం ఎందుకు చూడాలి?

రెండేళ్ళకే ఆ మాటకు పరీక్ష వచ్చింది. 1934 డిసెంబరు 31న హెలెన్ రిచీ అనే యువతి సెంట్రల్ ఎయిర్‌లైన్స్‌లో ప్రయాణికుల విమానం నడిపింది. లైసెన్సు ఉంది, ఉద్యోగమూ ఉంది. పైలట్ల సంఘం మాత్రం సభ్యత్వం ఇవ్వలేదు. వాతావరణం బాగాలేని రోజుల్లో ఆమెను పంపవద్దని కంపెనీకి మాట వచ్చింది. ఎక్కడినుంచి? ఆ వాణిజ్యశాఖ నుంచే! వాన పడితే ఇంట్లో కూర్చోమంటే ఇక పైలట్ ఉద్యోగమేమిటి? 1935లో ఆమె రాజీనామా చేసింది. అమీలియా బహిరంగంగా నిరసించింది, ఫలితం లేకపోయింది. ఫ్రాంటియర్ కంపెనీ ఎమిలీ వార్నర్‌ను పైలట్‌గా తీసుకున్నది 1973లో. కాగితం మీది సమానత్వానికీ జీతం ఇచ్చే చేతికీ మధ్య అంత దూరం!

1937 జూన్‌లో భూప్రదక్షిణం చేస్తూ అమీలియా కరాచీ, కలకత్తాల మీదుగా రంగూన్‌లో దిగింది. జూలై 2న పసిఫిక్ మీద కనిపించకుండా పోయింది.

ఆమె రంగూన్‌లో దిగిన రోజుల్లో మా తాత అక్కడి రేవులో మూటలు మోసేవాడు. మా నాయనమ్మ బియ్యం మిల్లులో పని చేసేది. మగ కూలీకి ఇచ్చినదానిలో సగమే తనకిచ్చేవారని చెప్పేది. తర్వాత ఆమె మా నాన్నతో ఈ దేశం వచ్చింది. నేను బడిలో చేరి మొదటి జీతం కాగితం చూపిస్తే, "పక్క గదిలో మగ మాస్టారుకూ ఇంతేనా అమ్మా?" అని అడిగింది. ఇంతే నాయనమ్మా అన్నాను. ఆమెకు చదువు రాదు. అయినా ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూసింది.