స్థానం నరసింహారావుగారి స్త్రీపాత్రాభినయము



విజయపురి సౌత్ చెంతనున్న అనుపునందు మెట్లవరుసలు గల పురాతన రంగస్థలము నొకదానిని మీరందరు చూచియే యుందురు. ఇక్ష్వాకుల కాలమున, అనగా సుమారు 1700 సంవత్సరముల క్రిందట, అది నాటి విజయపురిలో వెలసినది. నాగార్జునసాగర జలములలో మునిగిపోవు ననుటచే దానిని అనుపునందు తిరిగి నిలిపిరి. జనులు గుమిగూడి ఆట చూచుట మన సీమకు నిన్న మొన్నటి యాచారము కాదని ఆ మెట్లే చెప్పుచున్నవి. అయితే రాతిని తరలించి నిలుపవచ్చును గాని, నటుని గొంతును, నడకను, కనుచూపును అట్లు నిలుపుటకు వీలులేదు. చూచినవారు చెప్పినంతకాలమే అవి బ్రదుకును. కనుక నేడు మీతో ఒక నటుని గూర్చి ముచ్చటింప దలచితిని.

మన తెలుగు నాటకమునకు మహారాష్ట్ర, కర్ణాటక దేశముల వారితో చుట్టరికము గలదు. 19వ శతాబ్ది చివర ధార్వాడ నాటక సమాజమువారు తెలుగు పట్టణములకు వచ్చి ఆటలాడిరి. వానిని చూచి మనవారికిని ఉత్సాహము గలిగెను. వీరేశలింగము పంతులుగారు 1880లో రాజమహేంద్రవరమున నాటకము ప్రదర్శించిరి. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు నాటకమును పాటలతో నింపిరి.

మహారాష్ట్రమున బాలగంధర్వుడని ప్రసిద్ధి కెక్కిన నారాయణ శ్రీపాద రాజహంస 1888లో జన్మించెను. ఆయన స్త్రీవేషము ధరించి పాడుచుండగా సభ నిశ్చలమై వినెడిదట. కులస్త్రీలే ఆయన చీరకట్టును అనుకరించిరి. 1911లో మానాపమానము తొలిసారి ఆడిన దినముననే బిడ్డ మరణించినను, సభవారికి ఆశాభంగము కలుగరాదని ఆయన వేషము కట్టెనని చెప్పుదురు. 1967లో ఆయన పరమపదించెను.

ఆయనకు సాటిగా తెలుగువారికి లభించినవారు స్థానం నరసింహారావుగారు. వీరు 1902లో బాపట్లయందు జన్మించిరి. 1920లో ఆ యూర హరిశ్చంద్ర నాటకమాడునపుడు చంద్రమతి పాత్రధారి రాకపోగా, ఆ వేషము వీరికి తటస్థించెను. ఆ ఒక్క రాత్రి వీరి జీవితమునకు దారిచూపినది. పిమ్మట తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, సత్యభామ, చిత్రాంగి, దేవదేవి, రోషనార, శకుంతల, మధురవాణి మున్నగు పాత్రలను ధరించిరి.

ఇందు విశేషమేమనగా, ఈ పాత్రలలో ఏ ఒక్కటియు మరియొకదానివలె నుండదు. సత్యభామకు గర్వము ప్రాణము. చిత్రాంగికి కోరిక ప్రాణము. దేవదేవికి పంతమే ముందు, పశ్చాత్తాపము పిదప. చీర కట్టినంతనే, సన్నని గొంతుతో పలికినంతనే స్త్రీపాత్ర కాదని వీరెరుగుదురు. శ్రీకృష్ణతులాభారములో సత్యభామ పాడు ప్రసిద్ధమైన పాటను వీరే రచించుకొనిరి. ఒకే చరణమును మరల మరల పాడుచు, ఒకసారి గర్వమును, ఒకసారి ముద్దును, ఒకసారి శంకను చూపెడివారు. రాగము భావమునకు సేవకురాలే గాని యజమానురాలు కాదని వీరి మతము. తరువాత 1966లో చలనచిత్రమున ఆ పాటను సుశీలగారు పాడగా, నాటకము చూడని తరమువారికిని అది పరిచయమైనది. 1956లో భారత ప్రభుత్వము వీరికి పద్మశ్రీ బిరుదు నొసంగెను. 1971లో వీరు కాలధర్మము నొందిరి.

పురుషుడు స్త్రీవేషము వేయుట తగునా యని మీలో కొందరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. నాడు గృహస్థుల యిండ్లలోని స్త్రీలు రంగమెక్కుట నింద్యముగ నెంచబడెను. ఎక్కినవారిని లోకము చులకనగా చూచెను. మనమే తలుపు మూసి, పిదప రంగముపై స్త్రీ లేదని చింతించితిమి. ఆ లోటును స్థానంవారి వంటివారు తమ సాధనచే పూరించిరి. అయినను వేరొక దారియు ఆనాడే కలదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున పుట్టిన నాటక సమాజమునందు ఆ కుటుంబముల స్త్రీలే స్త్రీపాత్రలు ధరించుచు వచ్చిరి. కావున స్థానంవారి కళను మెచ్చుకొనుట వేరు, ఆ కళకు కారణమైన కట్టుబాటును మెచ్చుకొనుట వేరు. మొదటిది మన ధర్మము. రెండవదానిని విడిచితిమి, అదియు మేలే.

స్త్రీలు రంగమునకు వచ్చిన పిదప పురుషుల స్త్రీవేషములు తగ్గిపోయినవి. అందు విచారింప పనిలేదు. పోగూడనిది ఒక్కటే: పరుల హృదయమును తన హృదయముగ జేసికొని పలుకుట. స్త్రీ దుఃఖమును పురుషుడు అంత శ్రద్ధతో అభ్యసించిన కాలము నుండి మన యిండ్లలోని మగవారు నేర్వదగినది నేటికిని కొంత కలదు.

పెద్దలారా, మీ గ్రామములలో తిరునాళ్లకు నాటకములు ఆడినవారును, హార్మోనియము వాయించినవారును, తెల్లవారుదాక చాపపై కూర్చుండి చూచినవారును ఇంకను ఉందురు. ఏ పద్యమును ఎవరెట్లు పాడిరో, ఏ చోట సభవారు మరల పాడుమనిరో వారిచే చెప్పించుడు. చదువుకొన్న పిల్లవానిచేత ఒక పుస్తకమున వ్రాయించుడు. అనుపులోని మెట్లకు ప్రభుత్వము కాపుండును; ఈ జ్ఞాపకములకు మీరే కాపరులు.

సెలవు.