సగటు చెబితే మిగతా మూడూ అడగండి

(మండల రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పొద్దు లెక్కలు మాట్లాడదామని వచ్చినాను. భయపడొద్దండి, నేను చదివిందీ పదో తరగతే. ఆ రోజుల్లో అయ్యవారు బోర్డు మీద అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం అని రాస్తుంటే, మడక పట్టేవాడికి ఇవెందుకులే అనుకున్నాను. ఇప్పుడు మన పంటనష్టం తేలేది వాటితోనే.

పంటల బీమా సంగతే చూడండి. దిగుబడిని బట్టి ఇచ్చే బీమాలో వరి లాంటి ముఖ్యమైన పంటకు ఊరే యూనిట్. మీ కయ్య ఒక్కటీ ఎండితే లెక్కలోకి రాదు. ఊళ్లో కనీసం నాలుగు చోట్ల పంటకోత ప్రయోగం చేసి, వాటి సగటును ఊరి దిగుబడి అంటారు.

ఒక ఊళ్లో ఆ నాలుగు కయ్యల్లో ఎకరాకు 8, 9, 11, 36 మూటలు వచ్చినాయనుకుందాం. 36 వచ్చింది చెరువు తూము కింది కయ్య. మిగతా మూడూ కాలువ చివర, నీళ్లు అందనివి. నాలుగూ కూడితే 64. నాలుగుతో భాగిస్తే 16. ఇదే సగటు, బడిలో అంకమధ్యమం అన్నది దీన్నే. ఇప్పుడు చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పెట్టి నడుమ చూడండి. నడుమ ఉన్నవి 9, 11. రెండూ కూడి సగం చేస్తే 10. ఇది మధ్యగతం. ఆ ఊళ్లో మామూలు రైతు ఇంటికి తెచ్చుకున్నది పది మూటలకు అటూ ఇటే. పదహారు మూటలు పండిన కయ్య ఆ నాలుగింటిలో ఒక్కటి చూపించండి!

ఇంక రెండో లెక్క. ఎంతకన్నా తగ్గితే నష్టం కింద తీసుకుంటారు? గడిచిన ఏడేళ్లలో మంచి ఐదేళ్ల దిగుబడి తీసుకుని సగటు కడతారు. 22, 20, 6, 18, 21, 5, 19 అనుకుంటే, కరువేళ్లు 6, 5 తీసేసి మిగతా ఐదూ కూడితే 100, సగటు 20. దాంట్లో 80 శాతం హామీ అనుకుంటే 16 మూటలు. మంచి ఏళ్లనే తీసుకోవడం రైతుకు మేలైన పద్ధతే, అది ఒప్పుకోవాల. ఏడేళ్లూ కలిపి ఉంటే సగటు 16 కూడా నిండదు, అందులో 80 శాతం 13 లోపే.

ఊరి సగటు 16, హామీ 16. తేడా సున్న. పరిహారమూ సున్న. ఆ నాలుగో ప్రయోగం తూము కింద కాకుండా 12 మూటలు పండిన కయ్యలో పడి ఉంటే సగటు 10 అయ్యేది, నష్టం నూటికి ముప్పైఏడున్నర. కూడికలో తప్పు లేదు, ఎవురూ మోసం చేయలేదు. ఒక్క పెద్ద సంఖ్య సగటును తన వైపు లాక్కుపోయింది, అంతే. ఇది తిరగబడి కూడా జరుగుతుంది. నాలుగూ కాలువ చివరే పడితే తూము కింద బాగా పండినాయనకూ డబ్బు వస్తుంది. మూడు నాలుగు వందల ఎకరాల ఆయకట్టుకు నాలుగు ప్రయోగాలంటే లాటరీ కాక ఏమి? ఎక్కువ చోట్ల కోయమని మనం అడిగేది ఇందుకే. కోతనాడు మీరూ అక్కడ నిలబడండి, తూకం చీటీలో రాసుకోండి.

టమోటా వాళ్లు ఇంకో మాట వినాల. కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్‌లో ప్రతి మార్కెట్‌కూ మూడు ధరలు వేస్తారు: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. మోడల్ అంటే ఆ రోజు ఎక్కువ సరుకు పోయిన ధర, మన బాహుళకం అదే. టీవీలో మాత్రం గరిష్ఠం ఒకటే చూపిస్తారు. 2023 జులై చివర మదనపల్లెలో కిలో రెండొందల దాకా పోయినప్పుడు మన బంధువులు కూడా ఫోన్ చేసి కోటీశ్వరులయ్యారంట కదా అన్నారు. ఆ ధరకు పోయింది మొదటి రకం కాయ, అదీ కొద్ది రోజులే. గరిష్ఠంలో నుంచి కనిష్ఠం తీసేస్తే వచ్చేది వ్యాప్తి. అది ఎంత పెద్దదైతే సగటును అంత తక్కువ నమ్మండి.

మీ సొంత లెక్కలో కూడా ఒక పొరపాటు చేస్తుంటారు. మొదటి కోత 20 క్రేట్లు 600 లెక్కన, రెండోది 60 క్రేట్లు 300 లెక్కన, మూడోది 120 క్రేట్లు 120 లెక్కన మండీలో పోయినాయనుకోండి. మూడు ధరలూ కూడి మూడుతో భాగించి క్రేటుకు 340 పడిందంటారు. కాదు. చేతికొచ్చింది మొత్తం 44,400, క్రేట్లు 200. భాగిస్తే 222. మందులకు, కూలికి, బాడుగకు క్రేటుకు 250 అయ్యుంటే మీరు నష్టపోయినట్టే, 340 చూసుకుని లాభమనుకుంటున్నారు.

అప్పుల లెక్క కూడా చూడండి. 2019లో జరిగిన జాతీయ సర్వేలో మన రాష్ట్రంలో సేద్యం చేసే కుటుంబానికి సగటు అప్పు 2,45,554 రూపాయలు అని తేలింది, దేశంలోనే ఎక్కువ. దేశం సగటు 74,121. పది వేల బాకీవాడూ పది లక్షల బాకీవాడూ ఆ ఒక్క సంఖ్యలోనే ఉన్నారు. కౌలురైతు ఎక్కడున్నాడో అది చెప్పదు.

వచ్చే నెల తహసీల్దారుకు అర్జీ ఇస్తున్నాం. దానికి మీ ఊళ్లో ఇరవై మంది దిగుబడి రాసుకుని రండి. సగటు, నడిమిది, ఎక్కువమందికి వచ్చింది, కనిష్ఠ గరిష్ఠాలు, నాలుగూ కట్టి పెడదాం. కూడికలు రానివాళ్లు పదో తరగతి చదివే పిల్లోళ్లను వెంట తీసుకురండి, వాళ్ల పుస్తకంలో ఈ పాఠం ఉంది.