నడుమునొప్పియు మందుపట్టీయు



నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పినవాడను. కుర్చీలో కూర్చుండి పాఠము చెప్పుట నాకు చేతకాదు. అన్నియేండ్లు నిలువబడిన ఫలమును ఉద్యోగవిరమణానంతరము నడుము వడ్డీతో వసూలు చేసికొనుచున్నది. వెన్నుపూసల మధ్యనుండు మెత్తని బిళ్ళలు అరిగినవని వైద్యులు పటము తీసి చూపిరి. ఈ నొప్పి యెట్టిదో మీలో చాలమందికి నేను వర్ణింప నక్కరలేదు. దానికై నేను ఏడాదిగా ధరించుచున్న మందుపట్టీని గూర్చి మాత్రము చెప్పెదను. దీనినే ప్యాచ్ అందురు.

ఇది నాకేల అవసరమయ్యెనో మొదట చెప్పవలెను. మాది ఉద్దానము. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు అనగానే పూర్వము కొబ్బరియు జీడియు పనసయు తలపునకు వచ్చెడివి. నేడు మూత్రపిండముల వ్యాధి తలపునకు వచ్చుచున్నది. నీటిని, నేలను, ఆహారమును ఎందరో పరీక్షించిరి గాని, కారణమిదియే యని యింకను తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో ఈ వ్యాధికై 200 పడకల ఆసుపత్రిని, పరిశోధన కేంద్రమును తెరచిరి. కారణము తేలకున్నను ఒక సంగతి తేలియున్నది. డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలును, నొప్పిసూదులును దెబ్బతిన్న మూత్రపిండములకు మరింత చెరుపు చేయును. మన యూళ్ళలోనో, నడుము పట్టినదన్న తోడనే సూది పొడిపించుకొనుట వాడుక! నా రక్తములో క్రియాటినిన్ హెచ్చినదని తెలిసిన నాటినుండి ఆ దారి మూసికొనిపోయెను. పారాసెటమాల్ చాలలేదు. వావిలాకు నీళ్ళ స్నానము ఒక పూట సుఖమిచ్చి మరుపూట మరచెడిది. అప్పుడు విశాఖపట్టణములో ఒక వైద్యుడు ఈ పట్టీని వ్రాసి యిచ్చిరి.

ఇందలి మందు పేరు బ్యుప్రెనార్ఫిన్. పేరు క్రొత్తదైనను వంశము మనమెరిగినదే. గసగసాల మొక్క పచ్చికాయను గీచినచో పాలు కారును. అవి యెండినచో నల్లమందు. మన వైద్యశాస్త్రములలో దీనినే అహిఫేనమందురు. శార్ఙ్గధరసంహితలో దీని ప్రసక్తి కలదు. మార్ఫీన్ ఈ పాలలోనిదే. అందే యున్న థీబేయిన్ అను మరియొక పదార్థము నుండి 1966లో ఇంగ్లండులో బ్యుప్రెనార్ఫిన్‌ను తయారుచేసిరి. దీనిని ముఖ్యముగా కాలేయమే విరిచి బయటకు పంపును. మూత్రపిండములపై భారము తక్కువ. మార్ఫీన్ విరిగిన పిదప మిగులు పదార్థములు అట్లుకాక, చెడిన మూత్రపిండముల వారి దేహములో పేరుకొనును.

పట్టీ చూచుటకు పలుచని చతురస్రపు అతుకు. దానినుండి మందు చర్మము గుండా గంటకు ఇన్ని మైక్రోగ్రాములని లెక్కగా దిగును. గ్రామును పదిలక్షల పాళ్ళు చేసినచో ఒక పాలు మైక్రోగ్రాము. నాది గంటకు ఐదు మైక్రోగ్రాములిచ్చునది. ఏడు దినములు ధరించి ఎనిమిదవనాడు మార్చవలెను. భుజము పైభాగమునగాని, రొమ్ము పైభాగమునగాని, వీపు పైభాగమునగాని, నూనెయు సబ్బును తగులనీయక, వట్టి నీటితో కడిగి ఆరిన చర్మముపై అంటింపవలెను. నొప్పి యున్నచోటనే అంటింపవలెనను నియమము లేదు. విడిచిన చోట మరల మూడు వారముల వరకు అంటింపరాదు. నేను పంచాంగపు అంచున తేదియు, కుడియో యెడమయో వ్రాసికొనుచుందును.

మొదటి దినమున నాకేమియు తోచలేదు. మందు రక్తములో నిలద్రొక్కుకొనుటకు రెండు మూడు దినములు పట్టును. నాల్గవనాటికి పదహారణాల నొప్పి పదణాలకు దిగెను. అంతకు మించి దిగలేదు. అయినను గుడిలో భారతము చెప్పునప్పుడు గంటసేపు కూర్చుండగలిగితిని. దానికి తగిన సుంకమును చెల్లించితిని: మొదటి వారము వికారము, పగటి కునుకు, మలబద్ధకము మాత్రము నేటికిని వదలలేదు.

ఈ పట్టీకి వేడితో వైరము. గత పుష్యమాసమున చలికి నడుము బిగియగా మా యింటివారు ఇటుక కాచి, గుడ్డ చుట్టి తెచ్చిరి. నేను వలదంటిని. కాపడము పెట్టినను, ఎండలో మాడినను, జ్వరము తగిలినను మందు వడివడిగా దిగును. ఈ జాతి మందు మితిమీరినచో నొప్పితోపాటు ఊపిరిని కూడ మందగింపజేయును. నిద్రమాత్రయో కల్లో దానికి తోడైనచో చెప్పనక్కరలేదు. పట్టీని కత్తిరించుటయు కూడదు.

నాకు వరుసకు బావ యొకడు కలడు. అతనికిని నడుమునొప్పియే. ఒకనాడు వచ్చి, “ఏటి బావా, ఇంట్లో నాలుగెట్టుకొని ఒకటియ్యలేవేటి?” అనెను. అతనికి ఉబ్బసము, సాయంకాలమైనచో కల్లు. నేను ఈయనంటిని. నల్లమందు తాతలనాడు పిల్లలకు కూడ రంగరించి పోసిరని అతడు వాదించెను. పోసిరి, వారిలో కొందరు లేవలేదు. వైద్యుని చీటీ లేక ఇట్టి మందు చేతులు మారుట 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునకు విరుద్ధమని కూడ చెప్పితిని. అతడు రెండు నెలలు మా గుమ్మము త్రొక్కలేదు.

వాడిన పట్టీలోను మందు మిగిలియుండును. ఫెంటనిల్ అను మరియొక మందు పట్టీ కలదు. మార్ఫీన్ కంటె సుమారు నూరు రెట్లు తీవ్రము, మూడు దినములకొకటి, తరచుగా క్యాన్సరు నొప్పికై వాడుదురు. పారవేసిన అట్టి పట్టీలు తగిలి అమెరికాలో పసిపిల్లలు మరణించిరి. కావున తీసిన పట్టీని జిగురువైపు లోనికి మడచి, మనుమల చేతికందని డబ్బాలో దాచి, తిరిగి ఆసుపత్రికే యిచ్చుచున్నాను.

ఈ మందు వ్రాసిన వైద్యుడే దీనిని పొగడలేదు. అమెరికాలో నడుమునొప్పి, మోకాలినొప్పి గల 240 మందిపై ఏడాది పరీక్ష జరిపి 2018లో ప్రకటించిరట. నల్లమందు జాతి మందులు వాడినవారు ఇతర మందులు వాడినవారికంటె బాగుపడలేదు. మూత్రపిండములు సరిగా నున్నచో నాకు దీనిని ఇచ్చియుండనని ఆయన చెప్పిరి. మానదలచినను ఒక్కసారిగా మానరాదని, తనకు చెప్పి క్రమముగా మానవలెనని హెచ్చరించిరి.

మా బావను చివరకు అతని కుమారుడు శ్రీకాకుళము తీసికొనిపోయి చూపించెను. అక్కడను పట్టీ యీయలేదు. ఉదయము సాయంకాలము చేయుటకు నాలుగు నడుము వ్యాయామములు చెప్పి పంపిరి. రెండు చేయుచున్నాడు. ఇప్పుడు మాటాడుచున్నాడు గాని, పట్టీ సంగతి వచ్చినప్పుడు మాత్రము మొగము త్రిప్పుకొనును.